వదినె విన్న తేన్పులు

మా వదినె పోయిన నెల చనిపోయింది. ఎనభై నాలుగేళ్ళు. మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుము వాలుస్తానని చాప పరుచుకుని, మళ్ళీ లేవలేదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉన్న మా చుట్టాలందరికీ ఫోన్లో ఆ కబురు చెప్పింది నేనే. చెబుతున్నంతసేపూ నా బుర్రలో ఒక పాత మాట తిరుగుతూనే ఉంది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆమెకు ఇచ్చిన మాట. "ఈ ఇల్లు నా చేతికి వచ్చిన రోజున నువ్వు ముందు తింటావు వదినే. నా మీద ఆన." ఇల్లు నా చేతికి వచ్చింది. మాట తప్పాను. పదకొండేళ్ళు తప్పాను. దానికి కారణాలున్నాయి, కారకులూ ఉన్నారు. ఒక్కొక్కరినీ చెబుతాను. ఈ వయసులో నాకు మిగిలిన సుఖాల్లో అదొకటి.

మాది కోవిల్‌పట్టికి పడమట నల్లరేగడి ఊరు. ఎప్పుడో తెలుగు దేశం నుంచి దిగివచ్చి, పత్తీ కంబూ మిరపా పండించుకుంటున్న ఇళ్ళు. కంబు అంటే మీ సజ్జలే. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే అరవం. మా తెలుగు నోటితో ఆడేది, చదివేది కాదు. నేను మాత్రం పట్టుబట్టి అక్షరాలు నేర్చుకుని, విరుదునగర్‌లో గుమాస్తాగా ఉన్న ముప్పై ఏళ్ళలో దొరికిందల్లా చదివాను. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు మా మాట విని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళు ఎప్పుడో మరిచిపోయిన మాటలతో మేం ఇంకా కూడు తింటున్నాం.

ఆ కూడు దగ్గర మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంటి పెద్ద మగవాడు భోంచేసి, చెయ్యి కడుక్కుని, అరుగు మీద కూర్చుని ఒక తేన్పు తేన్చాలి. అది వినిపించాకే వంటింట్లో ఆడవాళ్ళు కంచాలు పెట్టుకోవాలి. తేన్పు వచ్చిందంటే తిన్నది దిగిందని అర్థం, ఇంక మారు వడ్డించమని అడగడని అర్థం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. ఎవరూ నోటితో చెప్పిందీ లేదు. కొత్త కోడలు అత్తని చూసి నేర్చుకునేది, అంతే.

మా నాయన తేన్పు మూడిళ్ళ అవతలికి వినిపించేది. ఎదురింటి ముసలమ్మ దాన్ని విని గడియారం సరిచేసుకునేదని మా అన్న అనేవాడు. అన్న తేన్పు అంత గొప్పది కాదు. గొంతులో సణుగుతున్నట్టు ఉండేది. దాన్ని పట్టుకోవాలంటే వంటింటి గోడకు చెవి ఆనించి కూర్చోవాలి. వదినె అలాగే కూర్చునేది. నేను ఏడో తరగతిలో ఉండగా మా ఇంటికి కోడలుగా వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆ గోడ పక్కన ఆమె పీట ఉండేది.

నేను మాట ఇచ్చిన రోజు చెబుతాను. వదినెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. మా నాయన తిని లేస్తుండగా ఎవరో వచ్చి, మీ ఎద్దు పక్క చేనిలో పడిందని చెప్పారు. ఆయన చెయ్యి కడుక్కోవడమే ఆలస్యం, పరుగు తీశాడు. అరుగు మీద కూర్చోలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు నేను చేతిలో పుస్తకంతో వంటింట్లోకి నీళ్ళకని పోతే, వదినె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుండలన్నీ మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"తిన్లేదా వదినే?"

"మామ ఇంకా తేన్చలే."

"ఆయన చేనికి పోయి గంటపైన అయింది. ఈపాటికి అక్కడ తేన్చి ఉంటాడు."

"చేన్లో తేన్చింది నాకు యాడ వినపడ్తాది అబ్బయ్యా?"

అని నవ్వింది. ఆకలితో ఉన్న మనిషి అంత బాగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది. నాకు కోపం వచ్చింది. ఆ రోజుల్లో నేను చదువుతున్న పుస్తకాలన్నీ మనుషులంతా సమానమని చెప్పేవే. ఆ ఊపులో ఆన పెట్టాను. వదినె నా ముఖం చూసి, "సరి. అందాకా ఆకలి ఆపి పెడతా" అంది.

ఆపి పెట్టింది. నాయన పోయాడు, అన్న ఆ అరుగు మీదికి వచ్చాడు. నేను ఉద్యోగం నుంచి దిగి ఊరికి వచ్చిన ఏడే అన్న పక్షవాతంతో పోయాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ఇంకో ఇద్దరు ముగ్గురిని తిట్టాల్సి వస్తుంది, వద్దు. వదినె కూతురు కయత్తారులో కాపురం ఉంటుంది. అంటే ఇంట్లో మిగిలింది వదినె, నేను. నాకు వండి పెట్టేది ఆమె. తిని అరుగు మీద కూర్చుని తేన్చేది నేను. నా మాట నాకు గుర్తే లేదు. ఆమె ఎప్పుడు తింటుందో పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

గోడ అవతల కూర్చుని అన్నేళ్ళు విన్న మనిషి ఊరికే వింటుందా? వదినెకు తేన్పుల మీద డాక్టర్లకు లేని జ్ఞానం వచ్చింది. ముల్లంగి తిన్న తేన్పు, పప్పు ఎక్కువైన తేన్పు, కోపంతో గబగబా మింగిన తేన్పు, అన్నీ విడివిడిగా గుర్తుపట్టేది. పులితేన్పు అంటే ముఖం చిట్లించేది. సోడా తాగితే వచ్చే తేన్పు అంటే ఆమెకు చిన్నచూపు. "అది కొన్న తేన్పు. లోపల ఏమీ దిగిండదు" అనేది.

ఇది మా ఊరి సోడా కొట్టాయనకు గిట్టేది కాదు. మా వైపు మనుషులు చేసే తప్పు ఒకటుంది. ఎదలో ఏం జరిగినా దానికి గ్యాస్ అని పేరు పెట్టి, ఒక అల్లం సోడా తాగి, తేన్పు వస్తే జబ్బు పోయిందనుకుంటారు. ఆ తప్పు మీద ఆయన కొట్టు మూడు తరాలుగా నడిచింది. ఒకసారి కోవిల్‌పట్టిలో పెళ్ళిమండపంలో ఆయన ఆకు ముందు కూర్చుని ఎద రుద్దుకుంటున్నాడు. తన కొట్టు సోడా తనే తెప్పించుకుని తాగాడు, గట్టిగా మూడు తేన్పులు తేన్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి పీల్చుకుని పాయసం వడ్డించమన్నారు. ఆడవాళ్ళ వరసలోంచి వదినె లేచి వచ్చింది.

"అన్నా, తేన్పు వచ్చినాక కూడా చెమట ఏమిటికి పోస్తావుండాది?"

"ఉక్కమ్మా. పందిట్లో గాలి లేదు."

"ఉక్క అయితే అందరికీ పోయల్ల. నీ ఒక్కడికే పోస్తావుండాది. దవడ ఏమిటికి పట్టుకున్నావు?"

"గ్యాస్ అక్కడిదాకా ఎక్కింది."

"గ్యాస్ దవడకు ఎక్కదు. లెయ్యి."

పెళ్ళికొడుకు కోసం పూలు కట్టిన కారు ఎక్కించి ఆయన్ని ఆస్పత్రికి పంపింది. గుండెపోటు. ఇంకో అరగంట పాయసానికి కూర్చుని ఉంటే అదే ఆఖరి పాయసం అని అక్కడ చెప్పారు. ఆయన బతికి వచ్చి, ఇంకా పదిహేనేళ్ళు సోడా అమ్మి, ఆ పదిహేనేళ్ళూ మా వదినె మీద రెండు ఫిర్యాదులు చెబుతూనే ఉన్నాడు. పాయసం తిననివ్వలేదని ఒకటి, తన సోడా పేరు ఊరంతా చెడగొట్టిందని ఇంకొకటి. వదినె వినిపించుకునేది కాదు.

ఇంక నా సంగతి. విరుదునగర్ మనుషులు మైదాపిండి పరోటాని నూనెలో ముంచి వేయిస్తారు. బయట కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, పైన సాల్నా, అంటే పల్చటి మసాలా పులుసు, పోసుకుంటే ఇంక మాటలుండవు. ఒంటరివాణ్ణి, ముప్పై ఏళ్ళు నా రాత్రి భోజనం అదే. తినడం, గదికి పోయి వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకోవడం. నా చదువంతా అలా వచ్చిందే. ఎదలో మంట కూడా దానితోనే వచ్చింది. నెలకొకసారి వచ్చేది వారానికొకసారి అయింది. ఊరికి వచ్చేటప్పటికి దాదాపు రోజూ.

కోవిల్‌పట్టి డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి. నేను కుర్చీలో కూర్చునే లోపలే ఆయన చీటీ రాసేసేవాడు. ఆరేళ్ళు అవే మాత్రలు. వేసుకుంటే మంట తగ్గేది, మానితే వచ్చేది. ఆ ఆరేళ్ళలో ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నేను ఎన్ని పుస్తకాలు చదివానో ఆయనకు తెలియదు, నా గొంతులో ఏం జరుగుతోందో కూడా తెలియదు. ఆయన మీద నాకున్న కసి అంతా ఇంతా కాదు. ఎక్కడ నలుగురు చేరినా ఆయన గురించి చెప్పేవాణ్ణి. ఇక్కడా చెబుతున్నాను.

కానీ ఇంకో సంగతి కూడా రాయాలి. ఆఖరి ఏడాది మంట తగ్గింది. నేను సంతోషించాను. దాని బదులు అన్నం ముద్ద ఎద మధ్యలో ఆగడం మొదలైంది. ముద్దకొక గుక్క నీళ్ళు తాగితే దిగేది. ఇది నేను డాక్టరుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అన్నం మింగలేకపోతున్నానని ఒకరితో చెప్పడం నాకు నామోషీగా ఉండింది.

చెప్పకపోయినా ఒక మనిషికి తెలుసు. ముందు నా తేన్పు పులిసింది, విన్నది. తరువాత నా కంచం పక్కన ఒక చెంబు నీళ్ళు రెండయ్యాయి, రెండు మూడయ్యాయి, చూసింది. కంబు సంగటి వద్దన్నాను, అన్నం మెత్తగా పిసికి తిన్నాను, సగంలో లేచాను. ఉతికి ఆరేసిన నా చొక్కాలు నా ఒంటి మీద హాంగరుకు తగిలించినట్టు వేలాడాయి. ఆఖరికి నా తేన్పు ఆగిపోయింది. దిగితే కదా తేన్పు.

ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని చదువుకుంటున్నాను. మగవాళ్ళు కూర్చునే ఆ అరుగు మీదికి వదినె అంతకుముందు ఎన్నడూ వచ్చినట్టు నాకు గుర్తు లేదు. వచ్చి నా ముందు నిలబడింది.

"అబ్బయ్యా, నీ తేన్పు ఏమయింది?"

"ఏ తేన్పు?"

"పన్నెండున్నరకి రావల్సింది. మూడుంబావు అయింది. నిన్నా రాలే, మొన్నా రాలే."

"వచ్చినప్పుడు వస్తుంది. దానితో నీకేం పని?"

"నా కూడు దాని మీదనే కదా ఉండాది."

పుస్తకం దించాను. ఇరవై ఏళ్ళ కుర్రవాడు పెట్టిన ఆన, గోడకు ఆనుకుని కూర్చున్న నిండు గర్భిణి, మూతలు పెట్టిన కుండలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. డెబ్బై అయిదేళ్ళ మనిషి నా తేన్పు కోసం మూడు రోజులుగా మూడింటిదాకా, నాలుగింటిదాకా పస్తు కూర్చుంది. ఆ ఆన సంగతి ఎత్తబోయాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"ఆ మాట తరువాత. ముందు ఇది చెప్పు. కూడు దిగతాదా, లేదా?"

"ఆగుతోంది."

"ఎన్నాళ్ళుగా?"

"ఆరేడు నెలలు."

"ఆరేడు నెలలు," అని తనలో తను అనుకుని, "చొక్కా వేసుకో, బస్సు ఉండాది" అంది. ఆ రోజు ఆమె తినకుండానే బయల్దేరింది.

డాక్టరు గదిలో మాటలన్నీ అరవంలో. నేను తెలుగు చేసి రాస్తున్నాను. నేను కూర్చోగానే ఆయన ఎప్పటిలాగే చీటీ లాగాడు. వదినె ఆ చీటీ మీద చెయ్యి పెట్టింది.

"ముందు ఈయన్ని ఒకటి అడగండి. కూడు దిగుతుందా అని."

"ఎప్పుడూ నెంజెరిచ్చల్ అనే కదమ్మా ఈయన చెప్పేది" అన్నాడు డాక్టరు. ఎదమంటని అరవంలో అలా అంటారు.

"ఈయన చెప్పడు. ఈయనకు చదువెక్కువ. మీరే అడగాలి."

డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, నన్ను బరువు తూచే యంత్రం ఎక్కించాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి. ముఖం మారిపోయింది. ఆ సాయంత్రమే విరుదునగర్ ఆస్పత్రికి ఉత్తరం రాసిచ్చాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. గొంతులో మందు కొట్టి, నోట్లోంచి కెమెరా గొట్టం దింపి చూసింది. కడుపుకీ అన్నం దిగే గొట్టానికీ మధ్య ఒక తలుపు ఉంటుందనీ, అది వదులైతే లోపలి పులుపు పైకొస్తుందనీ, అదే ఎదమంట అనీ చెప్పింది. అందరికీ అప్పుడప్పుడూ వస్తుంది, దానికి భయపడక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు వస్తూ నెలల తరబడి ఉంటే మాత్రం చూపించుకోవాలి. నాకు ఏళ్ళ తరబడి ఆ పులుపు తగిలి తగిలి గొట్టం పుండు పడి, మాని, మళ్ళీ పుండు పడి, మచ్చ కట్టి బిగుసుకుపోయింది. అందుకే అన్నం ఆగింది, పులుపు పైకి రావడం తగ్గి మంట తగ్గినట్టు అనిపించింది.

"అంటే ఎద్దుల కొట్టం గడియ ఊడినట్టా?" అని అడిగింది వదినె. "ఎద్దు వీధిలోకి వచ్చి పొడిచినట్టు."

"అంతే పాట్టీ" అంది డాక్టరమ్మ నవ్వుతూ. అవ్వని అరవంలో పాట్టి అంటారు.

"మరి ఆ మాత్రలు?"

"అవి ఎద్దుని సాధువుని చేస్తాయి. గడియ బిగించవు."

ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. నేను మధ్యలో నోరు మొద్దుబారి కూర్చున్నాను. తరువాత డాక్టరమ్మ నవ్వు ఆపి, బిగుసుకున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాననీ, కేన్సర్ ఉందో లేదో వారంలో తెలుస్తుందనీ చెప్పింది.

ఆ వారం నేను నా అలమరాలోని పుస్తకాలన్నీ దించి చదివాను. పరీక్షలో ఏం తేలగలదో, తేలితే ఎన్నాళ్ళు బతుకుతానో, అంతా. వదినె అలాంటివేం చేయలేదు. నా మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించింది. సాయంత్రం ఆరున్నరకే గంజి తాగించి, మూడు గంటలు కూర్చోబెట్టి, తరువాత ఎడమవైపు తిరిగి పడుకోమంది. కాఫీ మానిపించింది. కూతురు శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా తెస్తే, కొంచెం కొంచెం పాలలో కరిగించి ఇచ్చింది.

"ఏమి చదువుతుండావు అంతగా?"

"ఈ జబ్బుకు ఎన్ని పేర్లున్నాయో చూస్తున్నా."

"పేరు తెలిస్తే కూడు దిగతాదా?"

పుస్తకం మూశాను.

వారం తరువాత మళ్ళీ విరుదునగర్. ఏమీ తినకుండా రమ్మన్నారు నన్ను. వదినె కూడా ఏమీ తినలేదు. కాగితం నా చేతికిచ్చారు. ఆమెకు చదవడం రాదు. నా ముఖం చూస్తూ నిలబడింది. నేను మూడుసార్లు చదివాను. ఇన్నేళ్ళు ఇన్ని చదివినవాణ్ణి, ఆ నాలుగు వాక్యాలు వేలు పెట్టుకుని చదివాను.

"ఏమని ఉండాది అబ్బయ్యా?"

"కేన్సర్ లేదట. మచ్చేనట. వెడల్పు చేస్తారట."

"సరి," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "ఎప్పుడు చేస్తారంట?"

ఆ రోజే చేశారు. గొట్టంలోకి చిన్న బుడగ పంపి, గాలి నింపి, బిగుసుకున్న చోటుని సాగదీశారు. ఇంకో రెండుసార్లు రావాలన్నారు. మాత్రలు ఆపవద్దన్నారు. నాకు చల్లారిన పాలు తప్ప ఆ పూట ఏమీ వద్దన్నారు. సాయంత్రం బస్టాండు వైపు నడుస్తుంటే గాలిలో ఆ వాసన వచ్చింది. నూనెలో వేగుతున్న పరోటా. వదినె ఆగింది.

"ఇదేనా నిన్ను ఇంత చేసింది?"

"ఇదే."

"చూడల్ల," అంది.

కొట్టులో ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టి, ఆకులో పరోటా పెట్టించాను. ఎదురుగా నేను పాల గ్లాసుతో కూర్చున్నాను. నా ముందు తినమంటే తల అడ్డంగా ఊపింది. "నువ్వు తిన్లేదు కదా."

"నా భోజనం అయిపోయింది వదినే. ఇదే నా తేన్పు," అని పాలు గటగటా తాగి, ఎంత ప్రయత్నించినా రాని తేన్పు కోసం గొంతు బిగించి ఏదో చప్పుడు చేశాను. కప్ప అరిచినట్టు వచ్చింది. పక్క బల్ల మీద లారీ డ్రైవర్లు తిరిగి చూశారు. వదినె నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత ఆకు మీద చెయ్యి పెట్టింది.

ఆమె చేతి వంట తింటూ ముసలివాణ్ణయ్యాను. ఆమె తింటుంటే చూడటం అదే మొదటిసారి. ముందు కరకరలాడే అంచు విరిచింది. సాల్నాలో ముంచింది. కళ్ళు మూసుకుంది. ఆమె ఎడమవైపు పళ్ళతోనే నములుతుందని నాకు తెలియదు. తింటూ తింటూ కాళ్ళు ఊపుతుందని తెలియదు. నాలుగు పరోటాలు తింది. ఆకు మడిచి, నీళ్ళు తాగి, ఆ కొట్టంతా వినిపించేలా ఒక తేన్పు తేన్చింది. మా నాయన తేన్పు దాని ముందు దిగదుడుపు. లారీ డ్రైవర్లు మళ్ళీ తిరిగి చూశారు.

"దీని కోసం అయితే ఎదమంట పడొచ్చు అబ్బయ్యా," అంది. "కానీ రోజూ వద్దు."

మరునాటి నుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. కలిసి తిందామంటే, "ఇద్దరం ఒకేసారి కూర్చుంటే ఎవురు వడ్డిస్తారు?" అంది. అందుకని ముందు ఆమె, తరువాత నేను. వడ్డించేది నేను. పులుసు కంచం దాటించి పోసేవాణ్ణి. "గుమాస్తా పని చేసినావా, నాగలి పట్టినావా?" అని తిట్టేది. ఇంట్లో తేన్చడానికి ఆమెకు సిగ్గు. తినడం అయ్యాక చెంబుని నేలకు రెండుసార్లు తట్టేది. అది విని నేను కంచం పెట్టుకునేవాణ్ణి. తొమ్మిదేళ్ళు నా మధ్యాహ్నాలు ఆ రెండు తట్లతో మొదలయ్యాయి. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ తినలేదు.

అరుగు ఆమె చేతికి పోయింది. సాయంత్రాలు అక్కడ కూర్చుని, ఎద రుద్దుకుంటూ పోయేవాళ్ళని పిలిచేది. వత్రాప్ నుంచి మామిడిపళ్ళు అమ్మడానికి వచ్చేవాణ్ణి కూడా వదల్లేదు. "కూడు దిగతాదా? ఊరికే ఒళ్ళు తగ్గినావా? దొడ్డికి తారులాగా నల్లగా పోతాదా? కక్కితే రక్తం పడతాదా?" లేదంటే, "సరి, రాత్రి కూడు ముందుగా తిను, రవంత తక్కువ తిను, తిన్న వెంటనే పండుకోవద్దు, పో" అనేది. ఒక్కదానికి అవునన్నా బస్సు ఎక్కించేది. చెమట, ఆయాసం, చెయ్యీ దవడా లాగడం ఉంటే ప్రశ్నలే ఉండవు, కారు. అల్లం సోడా పేరెత్తితే మాత్రం నోటికొచ్చినట్టు తిట్టేది.

ఆ ఆఖరి మధ్యాహ్నం పెరుగన్నం పెట్టాను. కొంచెం తింది. చెంబు రెండుసార్లు తట్టి, "ఇంక నువ్వు తిను" అంది. నేను నింపాదిగా తిన్నాను. నేను చెయ్యి కడుక్కుని వచ్చేటప్పటికి ఆమె లేదు.

మూడో రోజు కోవిల్‌పట్టి డాక్టరు పరామర్శకు వచ్చాడు. ఆయనా ముసలివాడైపోయాడు. నేను ముఖం తిప్పుకుని కూర్చున్నాను. నా పక్కన కూర్చుని, "ఆ రోజు మీ వదినె నా చీటీ మీద చెయ్యి పెట్టింది, గుర్తుందా?" అన్నాడు. "అప్పటి నుంచి ఎదమంట అని వచ్చిన ప్రతివాణ్ణీ ముందు ఆ ప్రశ్నే అడుగుతున్నాను. దిగుతుందా అని. ఆ ఒక్క ప్రశ్నతో కొంతమందిని వేళకు పంపగలిగాను." టిఫిన్ తెప్పించాను.

ఆయన ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, అరుగు మీద కూర్చుని ఒక తేన్పు తేన్చాడు. మంచి తేన్పు, పులుపు లేనిది, దిగినది. నా తల దానంతటదే వంటింటి వైపు తిరిగింది. అక్కడ వదినె కూతురూ మనవరాళ్ళూ పొద్దున ఎనిమిదికే తినేసి, గ్లాసులు తోముతూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ తేన్పు వాళ్ళ చెవికే తగల్లేదు. గోడ పక్కన పీట ఉంది. దాని మీద చెంబు బోర్లించి ఉంది.

డాక్టరుని ఆ రోజే వదిలేశాను. సోడా కొట్టాయన తన శిక్ష పాయసం రూపంలో ఎప్పుడో అనుభవించాడు. మా నాయనకు ఎవరూ చెప్పలేదు. మా అన్నకు ఆలోచించే అలవాటు లేదు. అన్నీ చదివి, అంతా తెలిసి, ఆన కూడా పెట్టి, పదకొండేళ్ళు ఆ అరుగు మీద కూర్చుని తేన్చినవాడు ఒకడున్నాడు. వాణ్ణి మాత్రం నేను ఇంకా వదల్లేదు. వాడు ఆమె మరిది.